గూడు అంచు

ఆ వేసవి అంతా మా భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన ఒక స్టాప్‌వాచ్ ఉండేది. నల్లటిది, అరచేతిలో ఇమిడేది, నెత్తిన ఒకటే బొత్తాం. కూరగిన్నె అందుకోబోయిన చెయ్యి పొరపాటున తగిలితే అది నడవడం మొదలుపెట్టేది. ఎవరమూ చూసుకునేవాళ్లం కాదు. తిన్నాక బల్ల తుడుస్తుంటే తెలిసేది, ఆ పూట మా భోజనం ఇరవై రెండు నిమిషాలు పట్టిందని. అంతకుముందు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయేది.

దాన్ని తెచ్చింది మా ఆడపడుచు. రెండు పెట్టెలు, ఒక కంప్యూటరు, పుస్తకాలు కుక్కిన అట్టపెట్టె ఒకటి టాక్సీలోంచి దింపుకుని, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ మా ఇంట్లో ఉండటానికి వచ్చింది. మధ్యలో హాస్టళ్లు, అద్దె గదులు, నాలుగు ఊళ్లు. ఎలుకల మెదడు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. గురువుగారి ప్రయోగశాలలో ఆమె ఉద్యోగానికి గడువు ముగిసింది.

"వదినా, చిన్నగది నాకు మూడు నెలలు కావాలి," అంది నీళ్లు తాగుతూ.

"అడగడమెందుకు, నీ గదే కదా."

"కాదు, మూడు నెలలే. నాలుగో నెలలో కూడా నేనిక్కడే కనపడితే పని చెడిందని అర్థం."

మా ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని రెండింటికి ఇంటికొస్తారు. రెండంటే రెండే. డ్రైవర్లు ఆయన్ని వెనకాల 'సెకన్ల ముల్లు' అంటారని ఆయనకు తెలుసు, లోలోపల సంతోషం కూడాను. ఆ రోజు వచ్చేసరికి చెల్లెలు బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఏమ్మా డాక్టరమ్మా, జ్వరానికి బిళ్ల కూడా రాయలేని డాక్టరువి నువ్వొక్కదానివే ఈ వీధిలో."

"నీకొస్తే రాయలేనన్నయ్యా. ఎలుకకొస్తే రాస్తాను."

తింటూ అసలు సంగతి చెప్పింది. కొత్తగా సొంత పరిశోధన మొదలుపెట్టే వాళ్లకోసం ఒక గ్రాంటు ఉంది. అది వస్తే ఒక ప్రయోగశాల, అందులో తన పేరు, తన ప్రశ్న. డాక్టరేటు చేతికొచ్చిన ఐదేళ్లలోపు అర్జీ పెట్టుకోవాలి. ఆమెకు ఐదేళ్లు వచ్చే నెలాఖరుకు నిండుతాయి.

"నిండితే?" అన్నారు ఆయన.

"నిండితే నేను కొత్తదాన్ని కాను. పాతవాళ్ల గ్రాంటు అడుగుదామంటే, ముందు కొత్తవాళ్లది వచ్చి ఉండాలంటారు."

"అనుభవం ఉంటేనే బస్సిస్తాం, బస్సు నడిపితేనే అనుభవం. మా దగ్గరా ఉంది ఆ రూలు," అన్నారాయన, మొదటిసారి ఆమె ఉద్యోగం అర్థమైనట్టు. "రాకపోతే ఏం చేస్తావు?"

"మందుల కంపెనీలో కుర్చీ ఒకటి ఉంది. వేరేవాళ్లు చేసిన పరీక్షలకి నివేదికలు రాయాలి. మంచి ఉద్యోగమే." కంచంలోకి చూసింది. "కానీ నా ప్రశ్న ఇంకెవరూ అడగరు. దానికి నేను తప్ప దిక్కు లేదు."

ఆ ప్రశ్న ఏమిటో మర్నాడు నేను గిన్నెలు తోముతుంటే చెప్పింది. ఎలుకపిల్ల గూట్లోంచి బయట పడితే కీచుమంటుంది. ఆ కూత మన చెవికి అందదు. తల్లి వెళ్లి నోట కరుచుకొచ్చి గూట్లో పెడుతుంది. పిల్లలు పుట్టని ఆడఎలుకకీ ఆ కూత వినపడుతుంది, కానీ లెక్కచెయ్యదు. అదే ఎలుకను ఆ తల్లీపిల్లలతో నాలుగు రోజులు ఉంచితే, ఐదోరోజు అది కూడా లేచి వెళ్లి తెస్తుంది.

"వాటిని మేం పిన్నులంటాం. నాలుగు రోజుల్లో దాని మెదడులో ఏం మారింది? అదీ ప్రశ్న. ఇంకో సంగతుంది. కలిసి ఉండక్కర్లేదు, మధ్యలో అడ్డుపెట్టిన గాజు అద్దం ఇవతల నుంచి చూసినా నేర్చుకుంటుందని నాకనిపిస్తోంది. అర్జీ అంతా దానిమీదే."

"అనిపిస్తోందా, తెలుసా?"

"అనిపిస్తోంది. అర్జీలో తెలుసన్నట్టు రాయాలి." ఒక గిన్నె తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. "అందుకే కొలతలు కావాలి. ఇద్దరు మనుషులు విడివిడిగా కొలవాలి. రెండో మనిషి వేరే దేశం వెళ్లిపోయింది."

"ఏం కొలవాలి?"

నా వైపు తిరిగి చూసింది. సరుకుల చీటీ కూడా నేను స్కేలు పెట్టి గీతలు గీసుకుని రాస్తానని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"నీకు ఓపికుందా వదినా? నూట ఇరవై వీడియోలు."

*

పిన్నులు ఇరవై నాలుగు. పన్నెండు, తల్లీపిల్లలతో కలిసి ఉన్నవి. పన్నెండు, అద్దం ఇవతల నుంచి చూసినవి. ఒక్కోదానికి ఐదు వీడియోలు, ఒక్కో వీడియో ఐదు నిమిషాలు. అన్నీ రెండేళ్ల కిందట తీసినవి. ఏది ఏ గుంపుదో కొలిచేవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే కన్ను పక్షపాతం చేస్తుంది. అందుకని నంబర్లన్నీ కలగలిపేశారు, అసలు జాబితా గురువుగారి దగ్గర ఉంది.

నియమం ఆమే ఒక కాగితం మీద రాసి, బల్లకు ఎదురుగా గోడకు అంటించింది. పిల్లను పెట్టెలో దూరపు మూలన వదిలినప్పుడు బొత్తాం నొక్కాలి. పిల్ల ఒళ్లంతా గూడు అంచు దాటి లోపల పడ్డప్పుడు మళ్లీ నొక్కాలి. తోక బయట ఉన్నా చేరనట్టే. ఐదు నిమిషాల్లో చేరకపోతే సున్నా పెట్టాలి.

మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక కర్టెన్లు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె చిన్నగదిలో, నేను బల్ల దగ్గర. ఒకరి అంకెలు ఒకరికి చూపించుకోకూడదు. తెర మీద బూడిదరంగు పెట్టె, ఒక మూల పత్తితో కట్టిన గూడు, ఇంకో మూల వేలి కొసంత గులాబీరంగు పిల్ల. కొన్ని పిన్నులు చకచకా వెళ్లి తెచ్చేవి, మార్కెట్టుకు వెళ్లొచ్చినంత మామూలుగా. కొన్ని అసలు కదిలేవే కావు. ఇంకొన్ని ఉండేవి. పిల్ల దాకా వెళ్లి వాసన చూసి వెనక్కొచ్చేవి. మళ్లీ వెళ్లేవి. ఎత్తుకునేవి, దింపేవి. గూడు దాకా తెచ్చి, అంచు దగ్గర ఆగిపోయేవి.

అలాంటిదొకటి నాకు గుర్తుండిపోయింది. కుడిచెవి అంచున రెండు గాట్లున్నాయి. నంబరు మారినా చెవి మారదు కదా. నేను దానికి గాట్లమ్మ అని పేరు పెట్టుకున్నాను. గాట్లమ్మ వీడియో వస్తే, చేతిలో కాఫీ కప్పు ఉంటే కింద పెట్టేసేదాన్ని. వెళ్లు, వెళ్లు, అదిగో, అంతే, అని నాలో నేనే అనుకునేదాన్ని. అది పిల్లను కరుచుకుని పెట్టెంతా దాటుకుని గూడు అంచు మీద పిల్ల తలను ఆనించగానే నా ప్రాణం కుదుటపడేది. బొత్తాం నొక్కేదాన్ని.

పన్నెండు రోజులకు పూర్తయింది. గీతలు కొట్టిన ఆరు కాగితాలు ఇచ్చాను. ఆమె తన కాగితాలతో పోల్చి, కంప్యూటరులో ఏదో లెక్క వేసి, కుర్చీ వెనక్కి తోసుకుని హాల్లోకి వచ్చింది.

"తొంభై ఎనిమిది శాతం కలిశాయి వదినా. మా గురువుగారికీ నాకూ ఎప్పుడూ ఎనభై ఆరు దాటలేదు."

"మరి గీతలు ఊరికే గీశానా."

"అన్నయ్యా, మీ ఆవిణ్ణి నాకిచ్చెయ్యి. జీతం ఇస్తాను."

"నీ జీతం ఎక్కడ ముందు?" అన్నారాయన పేపరు లోంచి తల ఎత్తకుండా.

సాయంత్రానికి గురువుగారు జాబితా తీసి లెక్క పంపారు. అద్దంలోంచి చూసిన పిన్నులు, కలిసి ఉన్న పిన్నులంత వేగంగానూ పిల్లల్ని గూడు చేరుస్తున్నాయి. చూస్తే చాలు, నేర్చుకోవచ్చు. ఆమె ఆ లెక్కను గ్రాఫు బొమ్మగా కాగితం మీద అచ్చు తీసి తెచ్చింది. గుంపుకొకటిగా రెండు నిట్రాళ్లు, దాదాపు ఒకే ఎత్తు. గ్రాంటుకు అర్జీ ఆ బొమ్మతోనే మొదలవుతుంది.

నేను ఆ బొమ్మ చూస్తూ అడిగాను, "గాట్లమ్మ ఏ గుంపులోది?"

"గాట్లమ్మెవరు?"

చెవి సంగతి చెప్పాను. నవ్వింది. "ఆ గాట్లు మేం గుర్తుకోసం పెట్టేవే. కానీ నువ్వు గుర్తుపట్టకూడదు వదినా, పడితే నాకు చెప్పాలి." తర్వాత జాబితా చూసింది. "అద్దం గుంపు."

"ఇప్పుడెలా ఉంది?"

ఆమె జాబితా మడిచి పక్కన పెట్టింది.

"ఇప్పుడు లేదు. రెండేళ్లయింది. మెదడు చూడాలంటే... అన్నిటికీ అంతే వదినా. నొప్పి తెలియకుండా చేస్తాం. నేనే చేస్తాను, ఇంకొకళ్లకి వదలను."

పన్నెండు రోజులు నేను వెళ్లు వెళ్లు అని ఎగదోసింది ఎప్పుడో లేకుండా పోయినదాన్ని. కాఫీ చల్లారింది. మళ్లీ వేడి చెయ్యబుద్ధి కాలేదు.

*

అర్జీలో మామూలు మనుషుల కోసం రెండు వందల మాటల్లో రాయాల్సిన భాగం ఒకటుంటుందట. దానికి పరీక్షాధికారి మా ఆయన. మూడుసార్లు రాసి చూపించింది, మూడుసార్లూ ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బస్సెక్కడికి వెళ్తోందో బోర్డు లేదు," అన్నారు. ఆమె కాగితం లాక్కుని వెళ్లిపోయేది. నాలుగోసారి రాస్తున్న రోజునే నా పొరపాటు బయటపడింది.

బల్ల మీద తడిగ్లాసు పెట్టింది నేనే. నా కాగితాల్లో ఒకదాని మీద గుండ్రంగా మరక పడి, ఒక అంకె అలుక్కుపోయింది. నలభై మూడా, నలభై ఎనిమిదా? కాగితాలు అర్జీతో పాటు భద్రపరచాలని చెప్పింది కదా అని, ఆ వీడియో మళ్లీ పెట్టుకున్నాను. గాట్లమ్మదే. ఇప్పుడు నాకు తొందర లేదు. అది వెళ్తుందో లేదో తెలుసు, అది లేదని కూడా తెలుసు. చేతిలో స్టాప్‌వాచ్, కళ్లు గూడు అంచు మీద.

నలభై మూడో సెకనులో పిల్ల తల గూడు అంచుకు ఆనింది. నేను నొక్కలేదు. గాట్లమ్మ అక్కడే నిలబడింది. పిల్ల నోట్లోనే ఉంది, సగం లోపల, సగం బయట. అలా నిలబడే ఉంది. తర్వాత పిల్లను అక్కడే, అంచు బయట, వదిలేసి పక్కకు వెళ్లిపోయింది. ఐదు నిమిషాలూ అయిపోయాయి. పిల్ల లోపలికి చేరనేలేదు.

నా కాగితంలో అలుక్కుపోయిన అంకె నలభై మూడే. సున్నా ఉండాలి.

దానివి మిగతా నాలుగూ చూశాను. తర్వాత అంచు దగ్గర ఆగిన వేరే ఎలుకలవి చూశాను. వాటిల్లోనూ అదే తప్పు. గోడకున్న కాగితం వైపు చూడలేకపోయాను. ఆ నియమం నాకు అర్థం కాక కాదు. తోక బయట ఉన్నా చేరనట్టే అని దాన్ని రోజూ చదువుతూనే ఉన్నాను.

గడువుకు తొమ్మిది రోజులుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మాట నేను అనుకోలేదని అనను. అనుకున్నాను, కూరగాయలు తరుగుతున్నంత సేపూ.

మర్నాడు పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తున్నాం. ఆమె దుప్పటి రెండో కొస పట్టుకుంది.

"నేను ముందే నొక్కాను," అన్నాను.

"ఏంటి?"

"బొత్తాం. గాట్లమ్మవి ఐదింట్లోనూ. ఇంకా చాలావాటిల్లో. గూడు అంచుకు ఆనగానే నొక్కేశాను. లోపల పడలేదు."

దుప్పటి మా మధ్య తెరలా ఉంది. ఆమె మొహం కనపడలేదు. క్లిప్పు పెట్టిన చప్పుడు వినిపించింది. ఇంకో క్లిప్పు.

"అలా అయితే మనిద్దరికీ తొంభై ఎనిమిది ఎలా కుదిరింది?"

నాకు అది తట్టనేలేదు. నా తప్పు ఒక్కటే చూసుకున్నాను. ఆమె బకెట్టు అక్కడే వదిలేసి కిందకు వెళ్లింది. నేను మిగతా బట్టలు ఆరేశాను. దిగి వచ్చేసరికి చిన్నగదిలో నేల మీద, మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పరుచుకుని కూర్చుంది.

"ఇరవై మూడు వదినా. అంచు దగ్గర ఆగినవి ఇరవై మూడు. నువ్వెక్కడ నొక్కావో నేనూ అక్కడే నొక్కాను. ఇరవై మూడిట్లోనూ. దాదాపు అన్నీ అద్దం గుంపువే." నవ్వబోయి మానుకుంది. "నియమం రాసింది నేను. ఆ గోడకంటించింది నేను."

"నువ్వు కూడానా?"

"వేర్వేరు మనుషులు కొలవాలంటారు. మనం వేర్వేరు మనుషులమని ఎలా అనుకున్నాను?"

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆమె కాగితాలు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది:

"నేనీ ఇంటికొచ్చిన కొత్తలో గడప మీద కూర్చుని తినేదాన్ని, గుర్తుందా?"

గుర్తు లేకేం. మా అత్తగారు పోయి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పిల్లకు ఎనిమిదేళ్లు, నాకు పెళ్లయి ఏడు నెలలు. ఒళ్లో కంచం, పక్కన స్కూలు సంచి, ఎవరైనా పిలిస్తే లేచి వెళ్లిపోవడానికి తయారుగా ఉన్నట్టు కూర్చునేది. తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు.

"ఎన్నాళ్లు కూర్చున్నాను?"

"నలభై రోజులు," అన్నాను. లెక్క నాకు తెలుసు.

"పక్కింటావిడ అడిగితే, పిల్ల మొదటి రోజే మాలో కలిసిపోయిందండీ అని చెప్పావు. గడప మీద కూర్చుని విన్నాను." కాగితాల కొసలు నేలకు కొట్టి సమానం చేసింది. "అప్పుడు కూడా ముందే నొక్కేశావు."



*

గురువుగారికి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది, నేనూ వినాలని కాబోలు.

"అమ్మా, తొంభై ఎనిమిది శాతం ఎవరికీ రాదు. దాన్ని ఎవరూ ప్రశ్నించరు," అన్నారాయన. మంచి గొంతు, అలసిన గొంతు.

"అందుకే సార్. ఎవరికీ రానిది మాకెందుకొచ్చిందో చూశాను."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "ఎనిమిది రోజులు. మళ్లీ కొలిచి, మళ్లీ రాసి... ఆ బొమ్మ తీసేస్తే అర్జీ బలహీనపడుతుంది."

"బలహీనంగానే ఉంది సార్. మనకి కనపడలేదంతే."

"సరే. కొలిచే మనిషెవరు?"

"చూస్తాను సార్."

ఫోను పెట్టేసింది. "మనలాంటి వాళ్లు కాకూడదు వదినా. జాలి ఉండకూడదు. తోక బయట ఉంటే ఉన్నట్టే అనేవాళ్లు కావాలి."

అప్పుడే బయట గేటు చప్పుడైంది. గోడగడియారం రెండు కొట్టింది. మా ఆయన లోపలికొస్తూ ఫోనులో ఎవరితోనో అంటున్నారు, "నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఆలస్యమైనట్టే బాబూ. సుమారుగా వచ్చానంటే కుదరదు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆయన బెట్టు చేశారు. ముందు భోజనం చేశారు. తర్వాత నియమం చేతికిమ్మని, గోడ మీద నుంచి పీకించి, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"తోక సగం బయటుంటే?"

"సగమున్నా బయటున్నట్టే అన్నయ్యా."

"అలా రాయి మరి. డ్రైవర్లందరూ ఇక్కడే వాదిస్తారు."

రాసింది. సంతకం కూడా పెట్టించుకున్నారు. డిపో నుంచి తెచ్చిన ఖాళీ రిజిస్టరులో గళ్లు గీసుకున్నారు. నంబరు, బయల్దేరిన సమయం, చేరిన సమయం, చివర రిమార్కులు. రిమార్కుల గడి ఎందుకంటే, "గడి లేకుండా రిజిస్టరు ఎలా ఉంటుంది?" అన్నారు.

ఐదు మధ్యాహ్నాలు కూర్చున్నారు, కళ్లు ఆర్పకుండా. నేను కాఫీ పెట్టి వెళ్లిపోయేదాన్ని. ఒకసారి వెనక నిలబడితే గాట్లమ్మ వీడియో నడుస్తోంది. అది అంచు దగ్గర నిలబడి ఉంది. నా వేలు దానంతటదే వంగింది. ఆయన వేలు బొత్తాం మీద రాయిలా ఉంది. ఐదు నిమిషాలూ అయ్యాక సున్నా వేసి, పక్కన ఏదో రాసుకున్నారు.

"పాపం అనిపించలేదా?" అన్నాను.

"అనిపిస్తే? అనిపించింది రాయడానికి గడి లేదుగా."

రిజిస్టరు ఆరోరోజు మధ్యాహ్నం చెల్లెలి చేతికిచ్చారు. ఆమె అంకెలు చూస్తూ పోయింది. బొమ్మలో అద్దం గుంపు నిట్రాడు సగానికి పడిపోతుందని ఆమెకు ముందే తెలుసు, పడిపోయింది. మొహంలో ఏమీ మారలేదు. తర్వాత వేలు రిమార్కుల గడి మీదకు వెళ్లింది. ఆయన డిపో అలవాటు కొద్దీ ప్రతిదానికీ ఒక ముక్క రాశారు. కదల్లేదు. నేరుగా చేరింది. దారిలో దింపింది. ఇక అంచు దగ్గర ఆగిన వాటికి, అన్నిటికీ ఒకటే మాట, గుండ్రటి అక్షరాలతో, ఇరవై మూడు సార్లు: గేటు దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

ఆమె చదవడం ఆపి మళ్లీ మొదటి నుంచీ చదివింది.

"అన్నయ్యా, ఇదేంటి?"

"ఏం, తప్పా? వచ్చిన బండిని రాలేదని ఎలా రాస్తాను? చేరలేదు, నిజమే. కానీ కదలని దాన్నీ దీన్నీ ఒకటే సున్నా కింద వేస్తే, ఆ బండి అంత దూరం వచ్చిన మాట ఏమవుతుంది?"

ఆమె కూర్చుంది. బల్ల మీది స్టాప్‌వాచ్ తీసి చేతిలో తిప్పుతూ చాలాసేపు కిటికీ వైపు చూసింది. నేను మాట్లాడబోతే ఆయన వద్దని సైగ చేశారు.

"తేవడం వేరు, లోపల పెట్టడం వేరు," అంది చివరికి, ఎవరితోనూ కాదు. "అద్దంలోంచి చూసి పిల్లని తేవాలని నేర్చుకున్నాయి. గూట్లోకి ఎలా వెళ్లాలో నేర్చుకోలేదు. వాటినెవరూ ఆ గూట్లో ఉండనివ్వలేదుగా. అది చూస్తే రాదు. ఉంటేనే వస్తుందేమో." నా వైపు తిరిగింది. "నేనిన్నేళ్లూ ఒకటే ప్రశ్న అనుకున్నాను వదినా. రెండు."

అనిపిస్తోందా, తెలుసా అని నేనడగలేదు. ఆమే చెప్పింది, "ఈసారి అనిపిస్తోందనే రాస్తాను."

మామూలు మనుషుల భాగం ఐదోసారి రాసింది. మొదటి వాక్యం ఆయన రిమార్కు. కొలతల్లో తప్పు ఎలా దొరికిందో, ఎవరు మళ్లీ కొలిచారో అదీ రాసింది. ఆయన చదివి కళ్లజోడు తియ్యలేదు.

"బోర్డుంది," అన్నారు.

ఆఖరి రోజు సాయంత్రం ఐదింటి దాకా సమయం ఉందని ఆమె అంటే, "ఆఖరి నిమిషం బస్సు ఎప్పుడూ అందదు," అని ఆయన పొద్దున పదకొండింటికే దగ్గర కూర్చుని పంపించారు. తర్వాత చేసేదేమీ లేక ముగ్గురం కలిసి చిన్నగది దులిపాం.

*

వానలు పడ్డాక ఇంటర్వ్యూకు పిలిచారు. వెళ్లొచ్చి, షూ విప్పకుండానే గుమ్మంలో కూలబడి చెప్పింది. ఐదుగురు కూర్చున్నారట. ఒకాయన, ఇంత చిన్న ప్రశ్నకు ఇన్నేళ్లా అన్నాడట. ఒకావిడ మాత్రం ఆ ఇరవై మూడు వీడియోల గురించే అడిగిందట, మీ టైమ్ కీపరు ఎవరు, ఏ సంస్థ అని.

"ఏం చెప్పావు?" అన్నారాయన.

"రవాణా శాఖ అన్నాను."

మూడువారాల తర్వాత ఉత్తరం వచ్చింది. ఐదేళ్లకు అడిగితే మూడేళ్లకిచ్చారు. ఆమె ఉత్తరాన్ని ఆయనకిచ్చింది, ఆయన నాకిచ్చారు, నేను చదివి ఆమెకిచ్చాను. ముగ్గురం మళ్లీ ఒక్కోసారి చదివాం. ఆ పూట భోజనం నలభై నిమిషాలు పట్టింది. బల్ల తుడుస్తూ చూశాను.

ప్రయోగశాల వేరే ఊళ్లో. రైలుకు ఎనిమిది గంటల దూరం. రెండు పెట్టెలూ, అట్టపెట్టే మళ్లీ టాక్సీ ఎక్కాయి. ఆయన వాకిట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. మూడు నెలలు అని వచ్చింది, నాలుగో నెల మొదలవడానికి ఇంకా రెండు రోజులుంది.

నేను వంటింట్లోకి వచ్చేశాను. బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన స్టాప్‌వాచ్ ఉండిపోయింది. చేతిలోకి తీసుకున్నాను. బయట టాక్సీ కదిలిన చప్పుడు, నాలుగడుగులు వెళ్లి ఆగిన చప్పుడు, తలుపు. వేలు దానంతటదే నొక్కింది.

"వదినా," వీధి గుమ్మంలోంచి పిలిచింది. "స్టాప్‌వాచ్ మర్చిపోయాను. షూ వేసేసుకున్నాను, ఇలా అందించవా?"

నేను కదల్లేదు.

"వదినా?"

"ఇక్కడుంది," అన్నాను.

వాకిట్లోంచి ఆయన, "రైలు మన కోసం ఆగదమ్మా," అన్నారు. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత లేసులు విప్పుతున్న చప్పుడు. ఒక షూ. రెండో షూ. గడప, హాలు, బల్ల దాటుకుని వచ్చి, వంటింట్లో నా ఎదురుగా, మొదటిసారి ఈ ఇల్లు చూస్తున్నట్టు నిలబడింది. చెయ్యి చాచింది.

అప్పుడు నొక్కాను.

"ఎంత?" అంది.

"నలభై ఒకటి."

చేతిలోకి తీసుకుని అంకె చూసింది. సున్నాకు తిప్పలేదు. అలాగే సంచిలో వేసుకుంది.